ఎక్స్ అంటే టిక్కీ కాదు, టిక్కీల లెక్క

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

వై = ఎమ్‌ఎక్స్ + సి అన్న సరళరేఖ సూత్రం నీకు కంఠతా వచ్చట, లెక్క మాత్రం తేలడం లేదట. మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సూత్రాన్ని కాసేపు పక్కన పెట్టు. ముందు ఆ అక్షరాల సంగతి చూద్దాం.

మిర్చి యార్డుకు సరుకు తోలే రైతు ఖర్చు తీసుకో. లారీ కిరాయి 1200 రూపాయలు, టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు, హమాలీ 30 రూపాయలు అనుకుందాం. లెక్క కుదరడానికి వేసుకున్న రేట్లివి, యార్డుకెళ్లి బేరం ఆడకు. ఎక్స్ టిక్కీలకు ఖర్చు వై రూపాయలైతే వై = 30ఎక్స్ + 1200. ఇక్కడ నోట్సులో 'ఎక్స్ = టిక్కీ' అని రాసుకుంటారు చాలామంది. కాదు తల్లీ, ఎక్స్ అంటే టిక్కీల సంఖ్య. 30ఎక్స్‌ని 'ముప్పై టిక్కీలు' అని చదివితే అక్కడే లెక్క తిరగబడుతుంది. అందుకే పెన్ను పట్టగానే 'ఎక్స్: ఎన్ని టిక్కీలు, వై: ఎన్ని రూపాయలు' అని పైన రాసెయ్యి. ఆ ఒక్క లైను రాయడానికి బద్ధకిస్తే తర్వాత పేజీ అంతా కొట్టివేతలే.

30కీ ఎక్స్‌కీ మధ్య గుణకారం గుర్తు దాక్కుని ఉంటుంది. ఎక్స్ చోట 7 పెడితే 210 రావాలి, 307 కాదు. అలాగే 30ఎక్స్ + 1200ని కలిపేసి 1230ఎక్స్ అనకూడదు. అలా అంటే ప్రతి టిక్కీకీ విడిగా లారీ కిరాయి కట్టినట్టే!

ఇంకో చిక్కుంది, దీన్ని ఎవరూ విడమరిచి చెప్పరు. 30ఎక్స్ + 1200 = 1800 అన్నప్పుడు ఎక్స్ ఒకే ఒక్క సంఖ్య, 20. అది తెలియదు కాబట్టి వెతుకుతున్నాం. వై = 30ఎక్స్ + 1200 అన్నప్పుడు అదే ఎక్స్ 5 అవుతుంది, 12 అవుతుంది, 40 అవుతుంది, దాంతోపాటు వై కదులుతుంది. చలరాశి అన్న పేరు ఈ రెండో పనికే సరిగ్గా అతుకుతుంది. మన బ్రహ్మగుప్తుడు 628లోనే తెలియని రాశులకు రంగుల పేర్లు పెట్టాడు. తర్వాతి గణితకారులు యావత్తావత్ (ఎంతో అంత), కాలకం (నలుపు), నీలకం (నీలం) అని, పొట్టిగా యా, కా, నీ అని రాసుకున్నారు. ఎక్స్, వై, జెడ్ వాడుక 1637లో ఫ్రెంచి గణితకారుడు దెకార్త్ రాతలతో స్థిరపడింది. పేరేదైనా అది ఒక సంఖ్య కూర్చునే కుర్చీ, అంతే.

ఇక వాలు. మన వాడుకలో వాలు అంటే కిందికి జారడమే. గణితంలో ఎక్కేది కూడా వాలే, అప్పుడు గుర్తు ధనం. దిగితే ఋణం. ఎక్స్ ఒకటి పెరిగితే వై ఎంత మారుతుంది అన్నదే వాలు, సూత్రంలోని ఎమ్. పై లెక్కలో 30. ఉత్త 30 కాదు, టిక్కీకి 30 రూపాయలు. ఆ 'టిక్కీకి' అన్న మాట వదలకు, తప్పు జరిగితే పట్టిచ్చేది అదే. అంతరఖండం అన్న పేరు చూసి జడుసుకోకు. టిక్కీ ఒక్కటీ ఎక్కకముందే ఒప్పుకున్న 1200 అది, ఎక్స్ సున్నా దగ్గర వై విలువ, సూత్రంలోని సి. సొంత లారీ ఉండి కిరాయి లేకపోతే గ్రాఫులో గీత మూలబిందువు (0, 0) గుండా పోతుంది. హమాలీ 35కి పెరిగితే గీత 1200 దగ్గర నిలబడి ఇంకాస్త నిటారుగా లేస్తుంది. హమాలీ అలాగే ఉండి కిరాయి పెరిగితే గీత వాలు మారకుండా, పాతదానికి సమాంతరంగా పైకి జరుగుతుంది.

పరీక్షలో రేట్లు చెప్పరు, రెండు బిల్లులు ఇస్తారు: 10 టిక్కీలకు 1500, 25 టిక్కీలకు 1950. చాలామంది 1500ని 10తో భాగించి టిక్కీకి 150 అనేస్తారు. కిరాయి కూడా అందులో కలిసిందని మరిచిపోతారు. తేడాలు తియ్యి. టిక్కీల తేడా 15, రూపాయల తేడా 450. 450ని 15తో భాగిస్తే 30. కిరాయి రెండు బిల్లుల్లోనూ ఒకటే కాబట్టి తీసివేతలో పోయింది, హమాలీ మిగిలింది. తర్వాత 10 టిక్కీల హమాలీ 300ని 1500లోంచి తీస్తే 1200. సరిచూడాలంటే రెండో బిల్లు ఉంది: 25 × 30 + 1200 = 1950. భాగహారం తలకిందులు చేస్తే 1/30 వస్తుంది. అది 'రూపాయికి ఎన్ని టిక్కీలు' అన్నమాట, మనం అడిగింది అది కాదు.

గ్రాఫు కాగితం మీద ఇంకో గుంట ఉంది. అడ్డంగా 1 సెంటీమీటరుకు 5 టిక్కీలు, నిలువుగా 1 సెంటీమీటరుకు 300 రూపాయలు పెట్టుకో. 10 టిక్కీల బిందువు నుంచి 20 టిక్కీల బిందువుకు గీత మీద అడ్డంగా 2 సెంటీమీటర్లు, పైకి 1 సెంటీమీటరు. గళ్లు లెక్కపెట్టి వాలు సగం అని రాస్తే సున్నా మార్కులు. 300ని 10తో భాగిస్తే అదే 30 మళ్లీ దొరుకుతుంది. అంతరఖండం కూడా ఎక్స్ సున్నా దగ్గరే చదవాలి. అడ్డ అక్షాన్ని 10 దగ్గర మొదలుపెట్టావనుకో, గీత ఎడమ అంచును 1500 దగ్గర తాకి నిన్ను మోసం చేస్తుంది. గీత గీయడానికి రెండు బిందువులు చాలు గానీ మూడోది కూడా పెట్టు. మూడూ ఒకే వరసలో లేకపోతే ఎక్కడో కూడిక తప్పింది.

ఋణ వాలుకు మీ మేడ మీద ట్యాంకు బాగుంటుంది. 1000 లీటర్లున్నాయి, నిమిషానికి 20 పోతున్నాయి: వై = 1000 − 20ఎక్స్. వై అంతరఖండం 1000, నిండు ట్యాంకు. వైని సున్నా చేస్తే ఎక్స్ 50. అది ఎక్స్ అంతరఖండం, ట్యాంకు ఖాళీ అయ్యే నిమిషం. 20వ నిమిషంలో 600, 35వ నిమిషంలో 300 అని ఇస్తే పైన 300 − 600, కింద 35 − 20. పైన ఏ వరసలో తీశావో కిందా అదే వరస. కింద తారుమారైతే +20 వస్తుంది, కుళాయి తిప్పితే ట్యాంకు నిండుతున్నట్టు!

2ఎక్స్ + 3వై = 12 లాంటిది ఇస్తే ఎక్స్ ముందున్న 2ని వాలు అనకు. వైని ఒంటరి చెయ్యి: 3వై = −2ఎక్స్ + 12, ఆపైన వై = −(2/3)ఎక్స్ + 4. వాలు −2/3. అంతరఖండాలే కావాలంటే ఇంత శ్రమక్కర్లేదు. ఎక్స్ పదాన్ని వేలితో మూసేస్తే 3వై = 12, వై 4. వై పదాన్ని మూస్తే ఎక్స్ 6. ఎక్స్ అంతరఖండానికి సున్నా అయ్యేది వై. ఇక్కడ తడబడేవాళ్లే ఎక్కువ.

ఎక్స్ = 4 అన్న గీత మీద నీకు పేచీ ఉందట, 'వై ఏదీ?' అని. మా బ్రాడీపేట అడ్రసు 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. నాలుగో లైను పట్టుకుని ఎంత దూరం నడిచినా అడ్డరోడ్డు నంబరు మారుతుంది, లైను నంబరు 4 దగ్గరే ఉంటుంది. ఎక్స్ = 4 అంటే అదే: వై ఏదైనా కావచ్చు. ఎక్స్ మారదు కనుక భాగహారంలో కింద సున్నా పడుతుంది, వాలు నిర్వచించలేం. వై = 4 అయితే పైన సున్నా, వాలు సున్నా. ఈ రెండూ ఒకటి కాదు. 4/14 బదులు 14/4 అని వెతికితే ఇల్లు దొరకదు, బిందువును చెప్పే సంఖ్యల జతకూ అదే నియమం.

ఈ ఒక్క లెక్క చేసి పంపు. మోటారు వేసిన 8వ నిమిషంలో ట్యాంకులో 340 లీటర్లు, 20వ నిమిషంలో 520. మోటారు వెయ్యకముందు ఎన్ని ఉన్నాయి, 1000 లీటర్ల ట్యాంకు ఎప్పుడు నిండుతుంది? 220 లీటర్లు, 52 నిమిషాలు రావాలి. 53 దాకా మోటారు కట్టకపోతే పక్కింటి డాబా మీద వడియాలు తడుస్తాయి, పిన్నిగారికి నువ్వే సమాధానం చెప్పుకోవాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న