కంటికి ఆహారం చేసే మేలు ఎంతవరకు?

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్లు. తరగతిలో బోర్డు మీది అక్షరాలు మసకగా ఉన్నాయంటే పరీక్ష చేయించాం. రెండు కళ్లకూ మైనస్ 2 అద్దాలు రాశారు. రోజూ క్యారెట్ రసం తాగిస్తే కొన్నాళ్లకు అద్దాల అవసరం ఉండదని బంధువులు చెబుతున్నారు. ఇది నిజమేనా?

జవాబు: నిజం కాదు. కంటిలోకి వచ్చే కాంతిని కంటి ముందుభాగంలోని పారదర్శక పొర అయిన కార్నియా, దాని వెనకనున్న కటకం కలిసి వంచి, వెనక గోడకు అంటుకుని ఉన్న రెటీనా మీద కేంద్రీకరిస్తాయి. పెద్దవారిలో కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి దాదాపు 24 మిల్లీమీటర్ల పొడవుంటుంది. అది ఉండవలసిన దానికన్నా ఒక్క మిల్లీమీటరు ఎక్కువ సాగినా కాంతి రెటీనాకు ముందే కేంద్రీకృతమై, సుమారు రెండున్నర డయాప్టర్ల (అద్దాల పవర్‌కు కొలమానం) మైనస్ పవర్ వస్తుంది. మీ అబ్బాయి విషయంలో తేడా అంతకన్నా తక్కువే కావచ్చు గాని, సాగిన కనుగుడ్డును మళ్లీ కుదించే ఆహారం ఏదీ లేదు.

క్యారెట్‌కు ఇంత పేరు రావడంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటన్ ప్రచారానికీ కొంత పాత్ర ఉంది. చీకట్లో శత్రు విమానాలను కూల్చి పేరు తెచ్చుకున్న జాన్ కన్నింగ్‌హామ్ వంటి పైలట్ల చూపు క్యారెట్ల వల్లే అంత పదునుగా ఉందని అప్పట్లో చెప్పుకున్నారు. వారి విమానాల్లో అమర్చిన రాడార్ సంగతి మాత్రం రహస్యంగానే ఉంచారు.

పిల్లవాడికి క్యారెట్ ఇష్టమైతే తిననివ్వండి, అద్దాలు మాత్రం మాన్పించకండి. తక్కువ పవర్ అద్దాలు పెడితే కన్ను తనంతట తాను సర్దుకుంటుందన్న నమ్మకానికీ ఆధారం లేదు. పగటి వెలుతురులో రోజుకు రెండు గంటల దాకా ఆరుబయట గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి (దూరంలోనివి మసకగా కనిపించడం) మొదలయ్యే అవకాశం తక్కువని పరిశోధనల్లో తేలింది. ఇప్పటికే అద్దాలు వచ్చిన పిల్లల్లో పవర్ త్వరగా పెరుగుతుంటే, ఆ వేగాన్ని తగ్గించే చుక్కల మందులు, ప్రత్యేక అద్దాలు ఉన్నాయి. వాటి గురించి మీ కంటి వైద్యుణ్ని అడగండి.

ప్రశ్న: నా వయసు 44. రెండేళ్ల క్రితం బరువు తగ్గడానికి బైపాస్ శస్త్రచికిత్స చేయించుకున్నాను. కొద్ది నెలలుగా పొద్దుపోయాక మెట్లు, గడప సరిగా కనిపించడం లేదు. రోజూ క్యారెట్, ఆకుకూరలు తింటూనే ఉన్నాను. మరి ఈ ఇబ్బంది ఎందుకు?

జవాబు: మీరు శస్త్రచికిత్స సంగతి రాయడం మంచిదైంది, ఎందుకంటే ఈ ప్రశ్నకు కీలకం అక్కడే ఉండవచ్చు. మసక వెలుతురులో చూపునిచ్చేవి రెటీనాలోని దండ కణాలు. వాటిలో రోడాప్సిన్ అనే వర్ణకం ఉంటుంది; దానిలో ఒక భాగం ప్రొటీన్, రెండోది విటమిన్ ‘ఎ’ నుంచి తయారయ్యే రెటినాల్. కాంతి తగిలిన క్షణంలో రెటినాల్ ఆకారం మారుతుంది, ఆ మార్పే నాడీ సంకేతానికి మొదలవుతుంది. తరువాత అది పక్క పొరలోని కణాల్లోకి వెళ్లి, తిరిగి పాత ఆకారం పొంది వస్తుంది. ఈ రసాయన చక్రాన్ని వివరించిన జార్జ్ వాల్డ్‌కు 1967లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి దక్కింది. ప్రతి చక్రంలో కొంత నష్టపోతూ ఉంటుంది కాబట్టి రక్తం ద్వారా కొత్త సరఫరా అందుతూ ఉండాలి. అది తగ్గినప్పుడు ముందుగా తెలిసేది రేచీకటి రూపంలోనే.

అయితే తిన్నదంతా కంటిని చేరదు. క్యారెట్‌లోనూ ఆకుకూరల్లోనూ ఉండేది విటమిన్ ‘ఎ’ కాదు, దాని ముడిసరుకైన బీటా కెరోటిన్. ఆహారంలోని 12 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్‌ను ఒక మైక్రోగ్రాము విటమిన్ ‘ఎ’తో సమానంగా లెక్కిస్తారు. అది ఒంటబట్టాలంటే భోజనంలో కొవ్వు ఉండాలి, ఆ కొవ్వును పేగు గ్రహించగలగాలి. బైపాస్ తరువాత ఆ గ్రహించే శక్తే తగ్గవచ్చు. కాలేయంలోని నిల్వను రక్తంలోకి మోసుకుపోయే ప్రొటీన్ తయారు కావడానికి మాంసకృత్తులు, జింక్ కూడా కావాలి. ఆ నిల్వ నెలల తరబడి సరిపోతుంది కనుకనే, శస్త్రచికిత్స అయిన వెంటనే కాక ఇంత ఆలస్యంగా లక్షణం బయటపడుతుంది.

రక్తపరీక్ష చేయించుకోండి, రెటీనా పరీక్ష కూడా అంతే అవసరం. కంటిశుక్లం, వారసత్వంగా వచ్చే కొన్ని రెటీనా జబ్బులు, చివరికి సరిదిద్దని మైనస్ పవర్ కూడా రాత్రి చూపును తగ్గిస్తాయి. తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చలు, కన్ను పొడిబారడం, వెలుతురు భరించలేకపోవడం ఉంటే ఆలస్యం చేయకండి. లోపం ముదిరితే కార్నియా మెత్తబడి పుండు పడుతుంది, అప్పుడు పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. రంగులు వెలిసినట్లు అనిపిస్తే బి1, బి12, రాగి లోపాల వల్ల దృష్టి నాడి దెబ్బతింటోందేమో చూడవలసి ఉంటుంది. ఇది నిజంగా విటమిన్ ‘ఎ’ లోపమే అయితే చికిత్స మొదలైన కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. అలాగని మాత్రలు సొంతంగా కొని వేసుకోకండి. మందుల రూపంలో దొరికే విటమిన్ ‘ఎ’ పెద్దవారికి రోజుకు 3000 మైక్రోగ్రాములు మించరాదు. మించితే కాలేయానికి హాని, గర్భిణులైతే కడుపులోని బిడ్డకు ప్రమాదం. వైద్యులు చికిత్సగా అంతకన్నా పెద్ద మోతాదు ఇచ్చేది పర్యవేక్షణలోనే.

ప్రశ్న: నాలుగేళ్ల మా పాపకు లేజీ ఐ అని చెప్పి, మంచి కంటికి పట్టీ కట్టమన్నారు. పాప ఏడుస్తోంది. దాని బదులు విటమిన్ సిరప్ వాడవచ్చా?

జవాబు: వాడినా ఫలితం ఉండదు. ఇక్కడ ఇబ్బంది మెదడులో ఉంది. పిల్లి కూనల ఒక కన్నును తొలి నెలల్లో మూసి ఉంచితే, మెదడులోని దృష్టి కేంద్రపు కణాలు ఆ కంటికి స్పందించడం మానేస్తాయని హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు చూపించారు; వారికి 1981లో నోబెల్ వచ్చింది. పట్టీ కట్టడమంటే మెదడు ఆ బలహీనమైన కంటిని వాడక తప్పని పరిస్థితి కల్పించడమే. ఏడెనిమిదేళ్ల లోపు మొదలుపెట్టిన చికిత్సకు ఫలితం ఎక్కువ. బొమ్మల పుస్తకమో, ఇష్టమైన ఆటవస్తువో దగ్గరుంటే పట్టీ సమయం తేలికగా గడుస్తుంది.

ప్రశ్న: మా అమ్మగారికి 68 ఏళ్లు. మ్యాక్యులా (రెటీనా మధ్యభాగం) క్షీణత మధ్య దశలో ఉందన్నారు. లూటీన్ మాత్రలు వేయమన్నారు. నాకు 40 ఏళ్లు, ముందు జాగ్రత్తగా నేనూ వేసుకోవచ్చా?

జవాబు: అమ్మగారికి సరే, మీకు అవసరం లేదు. అమెరికాలో 2001లో వెలువడిన ఏరెడ్స్ అధ్యయనంలో విటమిన్ ‘సి’, ‘ఇ’, బీటా కెరోటిన్, జింక్, రాగి కలిపి వాడినవారిలో, మధ్య దశ నుంచి ముదిరిన దశకు చేరే ముప్పు అయిదేళ్లలో సుమారు 25 శాతం తగ్గింది. జబ్బు లేనివారికి అది రాకుండా ఆపినట్లు కనిపించలేదు. బీటా కెరోటిన్ మాత్రలు పొగతాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతాయి కాబట్టి, 2013లో ఫలితాలు వచ్చిన రెండో అధ్యయనం తరువాత దాని స్థానంలో 10 మిల్లీగ్రాముల లూటీన్, 2 మిల్లీగ్రాముల జియాజాంతిన్ చేరాయి. ఒమేగా-3 జోడించినందువల్ల అదనపు ప్రయోజనం కనబడలేదు. లూటీన్, జియాజాంతిన్ అనే ఈ రెండు పసుపు వర్ణకాలూ మ్యాక్యులాలో పేరుకుని నీలి కాంతిని వడగడతాయి. శరీరం వీటిని తయారు చేసుకోలేదు గనుక మీరు పాలకూర వంటి ఆకుకూరల నుంచి, గుడ్డు పచ్చసొన నుంచి పొందండి. పొగతాగే అలవాటుంటే దాన్ని మానడం ఏ మాత్ర కన్నా మీ మ్యాక్యులాకు ఎక్కువ మేలు.

అమ్మగారి విషయంలో మాత్రల కన్నా ముఖ్యమైన పని ఒకటుంది. ఒక్కో కన్ను విడిగా మూసి, గళ్ల కాగితం వైపు చూడమనండి. సరళరేఖలు కొత్తగా వంకరగా కనిపించినా, మధ్యలో మచ్చ వచ్చినా, తరువాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి. రెటీనా కింద కొత్త రక్తనాళాలు కారుతున్నాయన్నమాట కావచ్చు, కంటిలోకి ఇచ్చే ఇంజెక్షన్లు ఆ దశలో ఎంత తొందరగా మొదలైతే అంత చూపు నిలుస్తుంది.