వంటింటి ప్రశ్నలు: పది కిలోల చేపల పులుసు

ప్రశ్న: నెల్లూరులో చిన్న మెస్ పెట్టాను. ఇంట్లో కిలో చేపతో పులుసు బాగా కుదురుతుంది. పది కిలోలు వండితే ముక్క చితుకుతోంది, పులుసు నీళ్లలా ఉంటోంది. లోపం ఎక్కడ?

జవాబు: కిలో కొలతను పదితో గుణించడంలోనే లోపం ఉందండీ. చిన్న చట్టిలో నీరు ఇగిరినంత వేగంగా పెద్ద గిన్నెలో ఇగరదు. పైగా పది కిలోల చేప తన నీరు తానూ వదులుతుంది. కిలోకు లీటరుంబావు పులుసు పెడుతున్నారనుకుంటే, పది కిలోలకు తొమ్మిది లీటర్లతో మొదలుపెట్టండి. మామిడికాయ వేసేటట్లయితే చింతపండు 600 గ్రాములు చాలు. కాయ పులుపు ఒక్కోటి ఒక్కో రకం కాబట్టి, ముందు చిన్న ముక్క కొరికి చూసి అప్పుడు చింతపండు తూచండి. కారం, ఉప్పు ఎనిమిది రెట్లు వేసి ఆపండి. మిగతాది చివర్లో రుచి చూసి సరిచేసుకోవచ్చు.

గిన్నె లోతుగా కాదు, వెడల్పుగా ఉండాలి. అడుగున ఉన్న ముక్క మీద మూడు వరసల బరువు పడితే అది చితకక ఏమవుతుంది? ఐదు కిలోల చొప్పున రెండు గిన్నెల్లో వండటం ఇంకా మేలు. అల్యూమినియం మాత్రం వద్దు, చింతపండు పులుపుకు లోహపు రుచి దిగుతుంది.

ఎర్రగడ్డలు, టమాటా మగ్గాక పులుసు పోసి, మూత పెట్టకుండా పెద్ద మంట మీద మరగనివ్వండి. అంచుల్లో నూనె తేలాకే మామిడి ముక్కలు, మరో ఐదు నిమిషాలకు చేప. తలకాయలు ముందు వేసి, మూడు నిమిషాలాగి నడిముక్కలు వేయండి. పులుసు పలచగా ఉండగానే చేప వేసేస్తే, అది చిక్కబడేలోపు ముక్క విడిపోతుంది. మీకు జరుగుతున్నది ఇదే. చేప పడ్డాక గరిటె పెట్టకూడదు. గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని, ఇద్దరు కలిసి మెల్లగా తిప్పాలి. సన్నమంట మీద ఎనిమిది నిమిషాలకు, ముక్క ఇంకాస్త ఉడకాలి అనిపించినప్పుడే దించేయండి. మిగతాది ఆ గిన్నె వేడే చూసుకుంటుంది.

మెంతులు కిలోకు పావు చెంచా. గోధుమరంగు దాటి నల్లబడితే గిన్నెంతా చేదే, దానికి విరుగుడు లేదు.

రాత్రి వండి పొద్దున వడ్డిస్తే పులుపు ముక్కలోకి దిగుతుంది, నిజమే. కానీ మెస్‌లో గిన్నె బయట వదిలేయకూడదు. వెడల్పు పళ్లేల్లోకి తీసి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఉదయం ఆ పూటకు కావలసినంతే బయటికి తీసి, పొగలు వచ్చేదాకా కాచండి.

ప్రశ్న: ఇందులోకి మొలగొలుకుల బియ్యం దొరకడం లేదు. మరేం వండాలి?

జవాబు: నెల్లూరు మసూరి చాలు. బియ్యం పాతవి కావాలి. కొత్త బియ్యం ముద్దవుతుంది.

ప్రశ్న: ఇంటర్ అయింది. మన జిల్లా వంటలే చేసే చెఫ్ కావాలని ఉంది. ఎలా? (ఒంగోలు)

జవాబు: తిరుపతిలో ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది, ముందు అక్కడ విచారించు నాయనా. చదువయ్యాక పెద్ద హోటల్లో చేరేది కమీగానే, అంటే వంటగదిలో అందరికంటే కింది మెట్టు వంటవాడిగానే: తరగడం, ఒలవడం, తుడవడం, గంటల తరబడి నిలబడటం. చాలామంది అక్కడే విసిగి మానేస్తారు. అందుకే ఇప్పటినుంచే కొరమీను తోలు మీది జిగురు రాళ్లుప్పుతో రుద్ది తీయడం, బొమ్మిడాయిలు శుభ్రం చేయడం చేత్తో నేర్చుకో. ఇంట్లో అమ్మమ్మ 'గుప్పెడు' అన్నది ప్రతిసారీ తూకం వేసి గ్రాముల్లో రాసుకో. పదిమంది వండినా ఒకే రుచి రావాలంటే ఆ కాగితమే ఆధారం.

వడ్డన కూడా చెఫ్ పనే. ఏ చేపలో ముళ్లు ఎక్కువో వడ్డించేవాళ్లకు ముందే చెప్పాలి. పిల్లలున్న బల్లకు వంజరం నడిముక్క వెళ్లాలి, తోక ముక్క కాదు.