మెరిసే కార్బన్ చుక్కలు నీళ్లలో ఇనుము, పాదరసం ఎలా పట్టిస్తాయి?

భీమవరం వైపు బోరు నీళ్లు బిందెలో పట్టిన కాసేపటికి ఎర్రబడుతున్నాయని, వాటిని ఈ కార్బన్ చుక్కల పద్ధతిలో పరీక్షించవచ్చా అని ఒకరు అడిగారు. పరీక్షించవచ్చు, కానీ ఒక చిక్కుంది.

ఈ కార్బన్ చుక్కలు, అంటే కార్బన్ డాట్లు, 10 నానోమీటర్ల లోపు రేణువులు. నిమ్మ ఉప్పును (సిట్రిక్ యాసిడ్) నైట్రోజన్ ఉన్న ఇథిలీన్‌డయామిన్‌తో కలిపి, మూసిన పాత్రలో దాదాపు 200 డిగ్రీల వేడిలో ఉంచితే తయారవుతాయి. అతినీలలోహిత కాంతి పడితే నీలంగా మెరుస్తాయి. ఆ కాంతితో ఉత్తేజం పొందిన ఎలక్ట్రాన్ మామూలుగా వెలుగు విడిచి కిందికి దిగుతుంది. పక్కనే ఫెర్రిక్ అయాన్ (మూడు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఇనుము) అతుక్కుని ఉంటే ఎలక్ట్రాన్ దానివైపు పోతుంది, మెరుపు తగ్గుతుంది. ఎంత తగ్గిందో కొలిస్తే ఇనుము ఎంతో తెలుస్తుంది.

చిక్కేమిటంటే, బోరులోంచి అప్పుడే వచ్చిన నీళ్లలో ఇనుము ఎక్కువగా ఫెర్రస్ రూపంలో (రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయి, నీళ్లలో కరిగి) ఉంటుంది. గాలి తగిలాకే ఫెర్రిక్‌గా మారి ఎర్రగా పేరుకుంటుంది. అందుకే పైన తేటను మాత్రం పరీక్షిస్తే లెక్క తప్పుతుంది. శాంపిల్‌లో ముందే కొంచెం యాసిడ్ వేయాలి, ఇనుమంతా ఫెర్రిక్‌గా మార్చాలి, పరీక్షకు ముందు ఆమ్లత సరిచేయాలి.

పాదరసం కూడా చాలా రకాల డాట్ల మెరుపును ఆర్పేస్తుంది. కాబట్టి మెరుపు తగ్గినంత మాత్రాన ఏ లోహమో చెప్పలేం. పైగా రొయ్యల చెరువుల ఉప్పునీటిలో క్లోరైడ్ పాదరసాన్ని పట్టేసుకుంటుంది, బురద కాంతిని చెదరగొడుతుంది. వడకట్టి, అదే ఉప్పదనం ఉన్న నీళ్లతో పోల్చి చూడాలి.

తాగునీటిలో పాదరసం పరిమితి లీటరుకు 0.001 మిల్లీగ్రాము. పిల్లలు తాగే నీళ్లయితే మెరుపు పరీక్షతో ఆగకండి, ల్యాబ్‌లో కూడా చేయించండి.