తక్కువ వాల్యూమ్‌లో కూడా సబ్‌వూఫర్ ఆగకుండా ఉండాలంటే

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

రాత్రి పిల్లలు పడుకున్నాక వాల్యూమ్ తగ్గించి పాటలు పెట్టుకుంటే, పావుగంట తిరగకుండానే సబ్‌వూఫర్, అంటే బేస్ (లోతైన స్వరాలు) మోగించే స్పీకర్, ఆగిపోతోందనీ, భీమవరం తీసుకెళ్ళి ఎవరికైనా చూపించాలనుకుంటున్నాననీ రాశావు. తొందరపడి దాన్ని బండి మీద కట్టుకుని బయలుదేరవద్దు. పగలు గట్టిగా పెట్టినప్పుడు బాగానే మోగుతోందన్నావు కాబట్టి, అందులో చెడిపోయినది ఏదీ ఉండదు. దానికి అందవలసినంత సిగ్నల్ అందడం లేదు, అంతే.

వెనుక ఉన్న స్విచ్ ఆటో మీద ఉన్నంతసేపూ, స్పీకర్లన్నిటికీ పాటను పంచే రిసీవర్ నుంచి కేబుల్ ద్వారా ఎంత వోల్టేజీ వస్తున్నదో సబ్‌వూఫర్ గమనిస్తూనే ఉంటుంది. అది కొద్ది మిల్లీవోల్టుల కంటే తగ్గి, సాధారణంగా పది నుంచి ఇరవై నిమిషాల పాటు అలాగే ఉంటే, వినేవారు ఎవరూ లేరనుకుని ఆంప్లిఫయర్‌ను ఆపేస్తుంది. యూరోపియన్ యూనియన్ 2008లో చేసిన నిబంధన ప్రకారం 2013 నుంచి అక్కడ అమ్మే ఇలాంటి పరికరాలు స్టాండ్‌బైలో, అంటే వాడకుండా ఊరికే ఉన్నప్పుడు, అర వాట్ మించి కాల్చకూడదని వచ్చింది కనుక, కంపెనీలకు ఈ ఏర్పాటు పెట్టక తప్పలేదు. అసలు కిటుకు ఏమిటంటే, చాలా సబ్‌వూఫర్లలో ఈ పరిశీలన దాని సొంత వాల్యూమ్ నాబ్‌కు ముందే జరిగిపోతుంది. అందుచేత ఆ నాబ్‌ను ఎంత తిప్పినా మోత పెరుగుతుందే గాని మెలకువ రాదు.

కాబట్టి నీవు చేయవలసినది రిసీవర్‌లో సబ్‌వూఫర్ లెవెల్‌ను పెంచి, సబ్‌వూఫర్ మీది నాబ్‌ను అంతమేరకు తగ్గించడం. శివారు చేలకు నీరందనప్పుడు ఎగువన తూము షట్టరు ఎత్తి, చేలోకి వచ్చే మడవను కాస్త మూసినట్టే ఇది. లెవెల్ ఆరు డెసిబెల్స్ పెంచితే కేబుల్‌లో వోల్టేజీ రెట్టింపవుతుంది. బేస్ మాత్రం ముందున్నట్టే వినిపిస్తుంది.

నీ రిసీవర్ మెనూలో సబ్‌వూఫర్ లెవెల్ మైనస్ పదో, మైనస్ పన్నెండో చూపిస్తుందని నా అనుమానం. రిసీవర్‌తో వచ్చిన మైకు పెట్టి స్పీకర్ల మోతను దానిచేతే కొలిపించే రోజున సబ్‌వూఫర్ నాబ్ బాగా పైకి ఉంటే, రిసీవర్ "ఇది మరీ గట్టిగా ఉంది" అనుకుని తాను పంపేదాన్ని అడుగుకంటా తగ్గించేస్తుంది. నాబ్ ఇప్పుడు ఎక్కడ ఉందో పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, గడియారంలో పది గంటల ముల్లు ఉండేచోటికి దించి, మైకుతో మళ్ళీ కొలిపించు. లెవెల్ సున్నా దగ్గరకు, లేదా ప్లస్ రెండు మూడుకు వస్తే చాలు. ప్లస్ పన్నెండు దాకా ఉంది కదా అని అంతా పెంచితే, సినిమాలో పేలుడు వచ్చినప్పుడు రిసీవర్ అవుట్‌పుటే చీలిపోయి వినిపిస్తుంది. ఆ తరువాత మృదంగం స్పష్టంగా వినిపించే కచేరీ ఒకటి, రాత్రి నీవు వినే వాల్యూమ్‌లోనే, అరగంట వదిలి చూడు. వెనుక లైటు రంగు మారకుండా ఉంటే పని అయినట్టే. లైటునే చూడమనడానికి కారణం ఉంది: శబ్దం తగ్గినకొద్దీ మన చెవికి బేస్ మిగతా స్వరాలకంటే త్వరగా మరుగవుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే చూపించారు, సబ్‌వూఫర్ పనిచేస్తున్నా ఆగిపోయినట్టే అనిపించవచ్చు. రిసీవర్‌లో ఆడిసీ డైనమిక్ ఈక్యూ అనే సదుపాయం ఉంటే ఆన్ చేసుకో. అది తక్కువ వాల్యూమ్‌లో బేస్‌ను పెంచుతుంది కనుక చెవికీ, ఆ ఆటో సర్క్యూట్‌కూ రెండింటికీ మేలే.

స్పీకర్ల సెట్టింగు కూడా ఒకసారి చూడు. అవి లార్జ్ అని ఉంటే, మామూలు స్టీరియో పాటల్లో బేస్ అంతా వాటికే పోయి, సబ్‌వూఫర్‌కు ఏమీ చేరకపోవచ్చు. స్మాల్ అని మార్చి, క్రాసోవర్ (ఏ స్వరం నుంచి కిందివి సబ్‌వూఫర్‌కు పోవాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టు. ఇంకా చాలకపోతే ఒకటి రెండుగా చీలే వై కేబుల్ కొని, సబ్‌వూఫర్ ఎడమ, కుడి ఇన్‌పుట్‌లు రెండింటికీ ఇవ్వు. చాలా సబ్‌వూఫర్లలో దీనివల్ల ఆరు డెసిబెల్స్ దాకా కలిసివస్తాయి. మన సముద్రపు గాలికి పిన్నుల మీద చిలుము పట్టి ఉంటుంది, పనిలో పనిగా తుడిచేయి. హోరు వస్తోందని ఎవరైనా ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమంటే మాత్రం వినవద్దు.

స్విచ్‌ను ఆన్ మీదే ఉంచేయడం కూడా ఒక మార్గమే. ఊరికే ఉన్నప్పుడు పది వాట్లు కాలుస్తుందనుకున్నా, రోజంతా ఉంచితే నెలకు 7.2 యూనిట్లు, అయితే ఉరుముల కాలంలో గోడ నుంచి ప్లగ్గు ఊడదీయడం మరిచిపోకూడదు. రిసీవర్‌కూ, సబ్‌వూఫర్‌కూ రెండింటికీ 12 వోల్టుల ట్రిగ్గర్ జాక్ ఉంటే, ఈ బాధలేవీ లేకుండా 3.5 మిల్లీమీటర్ల మోనో కేబుల్‌తో కలిపేయి. రిసీవర్‌తోపాటే అదీ వెలిగి, అదీ ఆరుతుంది. నాకైతే అదే అన్నిటికంటే నచ్చిన పద్ధతి, కానీ చవక మోడళ్ళలో ఆ జాక్ ఉండదు.

మళ్ళీ కొలిపించాక రిసీవర్ చూపిన అంకె ఎంతో నాకు తెలియజేయి. అది ఇంకా మైనస్ పది దగ్గరే ఉంటే నాబ్‌ను మరికొంత దించవలసి ఉంటుంది.

ఇట్లు,
మావయ్య