క్యాష్ ఫైళ్ళు ‘శుభ్రం చేయబడతాయా’?

సందేహం: లినక్స్ డెస్క్‌టాప్‌లో అప్లికేషన్ల క్యాష్‌ను (అవి తమ పని కోసం దాచిపెట్టుకొనే ఫైళ్ళను) ఎప్పటికప్పుడు తీసివేసే ఏర్పాటు గురించిన సూచనలను తెలుగు చేస్తూ, “30 రోజుల పాత క్యాష్ ఫైళ్ళు స్వయంచాలకంగా శుభ్రం చేయబడతాయి” అని రాశాను. తప్పేమీ లేదు గాని తెలుగులా లేదని మిత్రుడొకరు అన్నారు. లోపం ఎక్కడున్నది?

సమాధానం: మీ మిత్రుడు మొగమాటపడ్డారు, ఆ వాక్యంలో తప్పు కూడా ఉన్నది. అది ‘శుభ్రం చేయు’ దగ్గర ఉన్నది. ఊడ్చు, తుడుచు, కడుగు వంటి క్రియలకు మురికి పట్టిన చోటూ కర్మ కాగలదు, ఆ మురికీ కర్మ కాగలదు: ‘గది ఊడ్చాను’, ‘చెత్త ఊడ్చాను’, ‘అద్దం తుడిచాను’, ‘మరక తుడిచాను’. ‘శుభ్రం చేయు’కు ఆ వెసులుబాటు లేదు. గదిని శుభ్రం చేస్తాము. చెత్తను శుభ్రం చేశామంటే, దానికి అంటిన దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెట్టినట్టు. మీరు రాసినదాని ప్రకారం ఫైళ్ళు ఎక్కడికీ పోవు, పరిశుభ్రంగా ఉన్నచోటనే ఉంటాయి. హోమ్ ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే పేరుతో దాగి ఉండే క్యాష్ ఫోల్డరు శుభ్రపడుతుంది. అందులోని ఫైళ్ళను తొలగిస్తారు.

ఈ పోలికను పట్టుకొని క్యాష్‌ను ‘చెత్త ఫైళ్ళు’ అనకండి. ఫొటోల థంబ్‌నెయిళ్ళ (చిన్న నమూనా బొమ్మల) వంటివాటిని ప్రతిసారీ కొత్తగా తయారుచేసుకొనే శ్రమ లేకుండా అప్లికేషన్ దాచిపెట్టుకుంటుంది. తీసివేస్తే మళ్ళీ తయారుచేసుకుంటుంది. ‘దాచు’ అనే అర్థమున్న ఫ్రెంచి క్రియ నుంచే ఈ మాట పుట్టింది. నగదును కూడా క్యాష్ అనే రాస్తాము గాని, పక్కన ‘ఫైళ్ళు’ ఉండగా ఎవరూ పొరపడరు.

ఇక ‘స్వయంచాలకంగా’. ఈ మాట యంత్రానికి విశేషణంగా నప్పుతుంది. ఇక్కడ మాత్రం, పక్కనే ఉన్న ‘చేయబడు’తో కలిసి, పని ఎవరు చేస్తున్నారో కనబడకుండా చేస్తున్నది. పండుటాకు రాలినట్టు ఫైలు రాలిపోదు కదా. సిస్టమ్‌డీ (తెర వెనుక పనులను నడిపించే ఏర్పాటు) ఉన్న లినక్స్‌లో, ఏ ఫోల్డరులో ఎన్నాళ్ళవి తీసివేయాలో మనం ఒక చిన్న ఫైలులో రాసిపెడితే, టైమర్ రోజుకొకసారి లేపినప్పుడల్లా ‘టెంప్‌ఫైల్స్’ అనే ప్రోగ్రాము ఆ ప్రకారం వెతికి తొలగిస్తుంది. ఇంత స్పష్టంగా కర్త ఉండగా కర్మణి ప్రయోగంతో పని లేదు. ‘ఫైళ్ళు వాటంతట అవే తొలగిపోతాయి’ అనడం మాటల్లో చెల్లుతుంది. కాని ఆ ఏర్పాటును పెట్టుకోవడం, మానుకోవడం చదువరి చేతిలో ఉన్నప్పుడు కర్తను చెప్పి తీరాలన్నది నా అభిప్రాయం.

‘30 రోజుల పాత’ అన్నది మీ మిత్రుడికీ తట్టినట్టు లేదు. పాత అనగానే పుట్టిననాటి నుంచి లెక్కిస్తాము. ఈ ప్రోగ్రాము ఫైలు పుట్టిన తేదీతో ఆగదు. దానిని చివరిసారి ఎప్పుడు చదివారో, ఎప్పుడు మార్చారో కూడా చూసి, అన్నీ గడువు దాటితేనే తొలగిస్తుంది. రెండు నెలల కిందట తయారై నిన్న తెరిచిన ఫైలు పాతదే అయినా నిలుస్తుంది. అందువల్ల వాక్యాన్ని ఇలా మార్చండి: “30 రోజులుగా తెరవని, మార్చని క్యాష్ ఫైళ్ళను సిస్టమ్ తనంతట తానే తొలగిస్తుంది.” ‘రోజులుగా’లోని ‘గా’ ఆ వ్యవధి పొడుగునా అన్న అర్థాన్ని ఇస్తుంది; ‘30 రోజులు తెరవని’ అంటే అంత బిగువు రాదు.

ఫైలు తెరవదు, తెరుస్తారు గనుక ‘తెరవబడని’ అనాలేమోనన్న అనుమానం మీకు రావచ్చు. అక్కరలేదు. ‘చదవని పుస్తకం’ అన్నప్పుడు పుస్తకానికి చదువు రాదని ఎవరూ అనుకోరు.