పెంగ్విన్ల సినిమాకి మా జనం చెప్పిన డబ్బింగ్

మీ ప్రశ్న ఇదీ కదా: స్కూలు పిల్లల్ని, వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లని కలిపి సినిమా హాల్లో జంతువుల డాక్యుమెంటరీ చూపిద్దామనుకుంటున్నారు, పాటల్లేవు, ఫైట్లు లేవు, మాటలేమో ఇంగ్లీషు, జనం కూర్చుంటారా, పావుగంటకి లేచిపోతారా అని. కూర్చుంటారు. కాకపోతే నోరు మూసుకుని కూర్చుంటారని మాత్రం ఆశ పెట్టుకోకండి.

నేను శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊళ్లో సైన్సు మాస్టారిని. 2019 నవంబరులో రెండు మూడు స్కూళ్ల వాళ్లం కలిసి టౌన్లో ఒక పాత హాలుని ఉదయం ఆటకి మాట్లాడుకున్నాం, తలకి 20 రూపాయలు. పిల్లల వెనకాల తల్లులూ నాయనమ్మలూ బయల్దేరారు, మగాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే, ఆ సంగతి కిందన చెప్తాను. వేసింది ‘మార్చ్ ఆఫ్ ది పెంగ్విన్స్’. 2005లో వచ్చిన ఫ్రెంచి సినిమా, తర్వాతి ఏడాది ఆస్కార్ కూడా కొట్టింది. మాకు దొరికింది మోర్గాన్ ఫ్రీమన్ గొంతుతో ఉన్న ఇంగ్లీషుది. అర్థం కాక గోల చేస్తారేమోనని నాకు ఒకటే టెన్షన్. హాలు వాళ్లని మైకు అడిగి తీసుకున్నాను, ముందు రోజు రాత్రి కూర్చుని నాలుగు పేజీలు తెలుగులో రాసుకున్నాను కూడా.

మొదటి పది నిమిషాలు నా మైకు నడిచింది. ఇవి ఎంపరర్ పెంగ్విన్లు, గుడ్లు పెట్టడానికి సముద్రం వదిలి మంచు మీద వంద కిలోమీటర్ల దాకా నడుస్తాయి, ఇలా. ఇంతలో వాటిల్లో ఒకటి బోర్లా పడి పొట్ట మీద జారుకుంటూ పోయింది. వెనక బెంచీల నుంచి విజిల్ పడింది! ‘మా తాత కల్లు తాగొచ్చినప్పుడు ఇలాగే నడుస్తాడు’ అని ఒక గుంటడు అరిచాడు, తాత పక్కనే లేడు కాబట్టి సరిపోయింది. ఇంకాసేపటికి మూడో వరసలో ఒకామె వెనక్కి తిరిగి, ‘మాస్టారూ, ఉండండి, సూడనియ్యండి’ అంది. నాలుగు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాను.

అక్కడి నుంచి డబ్బింగ్ అంతా వాళ్లదే. ఒక తమాషా చెప్పాలి, ఈ సినిమా ఫ్రెంచి ఒరిజినల్లో పెంగ్విన్లే మాట్లాడుకుంటున్నట్టు నటుల గొంతులు పెట్టారు, అమెరికాలో విడుదల చేసేటప్పుడు అవి తీసేసి ఒక్క మనిషి కథ చెప్తున్నట్టు మార్చారు. మా వాళ్లు ఎవరూ చెప్పకుండానే మళ్లీ ఒరిజినల్ పద్ధతికి తెచ్చేశారు.

గుడ్డు పెట్టాక తల్లి దాన్ని తండ్రి కాళ్ల మీదికి దొర్లిస్తుంది కదా, ఆ సీన్ దగ్గర హాలంతా ఆడవాళ్ల నవ్వులే. ‘గుడ్డట్టుకోడం కూడా రాదు ఈడికి’, ‘కాలు ఎడంగా పెట్టు బావూ’, ‘మా ఇంటాయనా అంతే’. నవ్వుతుండగానే ఒక జంట దగ్గర గుడ్డు జారి మంచు మీద పడింది, చూస్తుండగానే చలికి బిగిసి పగుళ్లు తేలింది. నవ్వు టక్కున ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ప్రొజెక్టర్ అబ్బాయి ఇంటర్వెల్ వేసి లైట్లు వెలిగించేశాడు! సమోసాల టైము అయిందట. ఒక్కరూ లేవలేదు, ఆ కుర్రాడిని మాత్రం అందరూ కలిసి తిట్టారు. సినిమా మొత్తం గంటన్నర కూడా ఉండదు, మీరు వేస్తే ఇంటర్వెలే వద్దని ముందే చెప్పేయండి.

మగాళ్ల సంగతి చెప్తానన్నాను కదా. మా జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది గానీ బోట్లు ఆపుకోడానికి చెప్పుకోదగ్గ జెట్టీ లేదు, అందుకని మా మత్స్యకారులు ఆగస్టు వచ్చేసరికి గుజరాత్‌లో వెరావల్‌కి పోతారు, మళ్లీ ఎండాకాలానికి గానీ రారు. నవంబరులో ఊళ్లో ఉండేది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లే. అలాంటి జనం ముందు తెర మీద తల్లి పెంగ్విన్ గుడ్డుని మొగుడికి అప్పజెప్పి రెండు నెలలు సముద్రం మీదికి పోతోంది, వాడు 65 రోజులు పొదుగుతూ, మొత్తం మీద దగ్గరదగ్గర నాలుగు నెలలు తిండి లేకుండా చలిగాలిలో గుంపుగా ఒకరినొకరు ఆనుకుని నిలబడతాడు, బరువులో దాదాపు సగం పోతుంది. ‘ఆడది ఏటకెల్లింది, మొగోడు ఇంట్లో ఉన్నాడు, మనకి తిరగేసి’ అని ఒక ముసలామె తేల్చేసింది. నా నాలుగు పేజీల్లో ఇంత బాగా లేదు.

లెపర్డ్ సీల్ నీళ్లలోంచి వచ్చి ఒక తల్లిని పట్టుకున్నప్పుడు ‘సొరొచ్చీసింది’ అని పిల్లలు కేకలు పెట్టారు. పెద్దవాళ్లు మాత్రం ఊరుకున్నారు. దానికి కారణముంది. అంతకు ముందు ఏడాది, అంటే 2018 నవంబరులో, వెరావల్ నుంచి వేటకెళ్లిన మనవాళ్లు పాకిస్తాన్‌కి పట్టుబడ్డారు. ఈ సినిమా వేసే రోజుకి వాళ్లింకా కరాచీ జైల్లోనే ఉన్నారు, వాఘా దగ్గర అప్పగించింది 2020 జనవరిలో. తెర మీద తల్లులు తిరిగొచ్చి, అన్నీ ఒకేలా ఉన్న ఆ వేల పెంగ్విన్లలో ఒక్క గొంతు గుర్తుపట్టి తమ జోడీని వెతుక్కుంటుంటే ముక్కు చీదుకోవడం వినపడింది. హాల్లో ఏసీ లేదు, ఫ్యాన్ల చప్పుడు ఒక్కటే.

బయటికొచ్చాక ఒకామె, కొడుకు మా దగ్గర ఆరో క్లాసు, నన్ను ఆపి అడిగింది: ‘తల్లి తిరిగి రాకపోతే ఆ పిల్ల ఏటవుద్దండి?’ తండ్రి గొంతులోంచి పాలలాంటిది తీసి కొన్నాళ్లు పెడతాడని చెప్పాను. అది నిజమే. ఆ తర్వాత ఆకలికి తాళలేక వాడూ పిల్లని వదిలి సముద్రానికి పోవాల్సిందేనని చెప్పలేదు. సైన్సు మాస్టారిగా చెప్పాల్సింది, చెప్పలేకపోయాను.

అన్ని జంతువులకీ ఇలా పడిపోతారనుకోకండి. తర్వాత ఉద్దానం వైపు ఒక స్కూల్లో ఎలుగుబంట్ల మీద చిన్న సినిమా తెర కట్టి వేశాం. అక్కడ జీడితోటలోకి తెల్లారి వెళ్తే నిజం ఎలుగుబంటే ఎదురొస్తుంది, మనుషులు చచ్చిపోయిన ఊళ్లున్నాయి. తెర మీద తల్లి ఎలుగు పిల్లల్ని వీపున ఎక్కించుకుని పోతుంటే మేం ముద్దుగా ఉంటుందనుకున్నాం, జనం కుర్చీల్లో వెనక్కి జరిగారు. ఒక పెద్దాయన లేచి ‘దీన్ని సూడ్డానికి ఇంత దూరం రావాలా, రేపు మా తోటకి రండి’ అని వెళ్లిపోయాడు. ఆయన వెనకే ఇంకో పది మంది.

కాబట్టి సినిమా ఎంచుకునే ముందు మీ ఊరి వాళ్లకి ఏ జంతువుతో తగువుందో కనుక్కోండి, పార్వతీపురం వైపైతే ఏనుగులవి వద్దు, పంటలు పోయినవాళ్లు ఉంటారు. భాష గురించి బెంగ పెట్టుకోకండి. మైకు మాత్రం ఒకటి తీసుకోండి, కరెంటు పోతే ‘కూర్చోండి, వచ్చేస్తుంది’ అని చెప్పడానికి. నాకు రెండో సగంలో దానితో పడిన పని అదొక్కటే.