సాతాను సిలువ దగ్గరే ఓడిపోతే, మనకు రోజూ ఈ పోరాటం ఎందుకు?

మీరు అడిగింది ఇదీ: ప్రతి ఆదివారం "సాతాను ఓడిపోయాడు" అని వింటాం, పాడతాం. సోమవారం తెల్లారేసరికి అదే కోపం, అదే జబ్బు, ఊళ్లో అదే అన్యాయం. ఓడినవాడు ఇంత పని ఎలా చేస్తున్నాడు? వాడితో రోజూ వేగడం ఎలా?

ముందు వాడు పోగొట్టుకున్నదేమిటో తెలియాలి. దేవుడు ప్రధానులనూ అధికారులనూ, అంటే దురాత్మల శక్తులను, నిరాయుధులుగా చేశాడన్న కొలస్సయులకు 2:15 (అపొస్తలుడైన పౌలు కొలస్సయి సంఘానికి రాసిన పత్రిక) మనకు కంఠస్థమే. ఆ ఆయుధమేమిటో దాని ముందున్న 14వ వచనంలో ఉంది: మన మీద రుణంగా ఉన్న పత్రం. పౌలు వాడిన గ్రీకు మాట ఖెయిరోగ్రాఫొన్. అప్పు తీసుకున్నవాడు స్వయంగా రాసిచ్చే కాగితం, అంటే మన ప్రోనోటు లాంటిది. ఆ రోజుల్లో పపైరస్ మీద మసి, జిగురు కలిపిన సిరాతో రాసేవారు. తడి స్పాంజితో రుద్దితే అక్షరాలు పోయేవి. "చేవ్రాతను తుడిచివేసి" అన్నప్పుడు ఆనాటివాళ్ల కళ్ల ముందు మెదిలేది అదే. కాబట్టి అపవాది, అంటే సాతాను, చేతిలోంచి పోయింది పత్రం. నోరు పోలేదు.

బాకీ అంతా తీర్చి నోటు మీద "చెల్లు" రాయించుకున్నాక కూడా అప్పిచ్చినవాడు గుమ్మం ముందు నిలబడి కేకలేయొచ్చు, నలుగురిలో పరువు తీయొచ్చు. ఆ బాధ నిజమే. కానీ ఇల్లు జప్తు చేయించలేడు. భయపడి మళ్లీ వడ్డీ కట్టడం మొదలుపెడితే మాత్రం మోసపోయినట్టే. ప్రకటన గ్రంథం 12:10 సాతానును రాత్రింబగళ్లు నేరం మోపేవాడు అంటుంది. 12వ వచనం ఇంకో కారణం చెబుతుంది: సమయం కొంచెమే అని తెలిసి వాడికి బహు క్రోధం. వాడి విజృంభణ చూసి గెలుపు అబద్ధమేమో అనుకోనక్కర్లేదు.

కొలస్సయులకు ఈ పత్రిక రాసేనాటికి పౌలు ఖైదులో ఉన్నాడు. అదే పత్రిక చివర తన చేత్తో "నా బంధకములను జ్ఞాపకము చేసికొనుడి" అని రాశాడు. గెలుపూ సంకెళ్లూ ఒకే ఉత్తరంలో ఉన్నాయి. శరీరంలోని ముల్లు అని తానే పిలిచిన బాధను తొలగించమని పౌలు మూడుసార్లు ప్రభువును వేడుకున్నా అది పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబే వచ్చింది. కష్టం పోలేదంటే నీ విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే, ఆ మాట పౌలుకు కూడా తగులుతుంది.

ఇక రోజువారీ సంగతి. రాత్రి పడుకోగానే పాత తప్పు గుర్తొచ్చి గుండె బరువెక్కితే, అది ఎవరి స్వరమో తేల్చుకోండి. పరిశుద్ధాత్మ ఒప్పించేటప్పుడు పాపానికి పేరుంటుంది, చేయాల్సిన పని కూడా ఉంటుంది: ఫలానావాళ్లకు అబద్ధం చెప్పావు, రేపు వెళ్లి ఒప్పుకో. సుంకం వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నది ఆ ఒప్పుదలతోనే. అపవాది మోపే నేరానికి పేరుండదు, దారి ఉండదు: నీ బతుకింతే, నువ్వు మారవు. మొదటిదైతే, ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడన్న 1 యోహాను 1:9 పట్టుకుని ఒప్పుకోండి, మర్నాడే ఆ పని చేసేయండి. రెండోదైతే వాదన పెట్టుకోకండి. కొలస్సయులకు 2:14 పైకి చదివి పడుకోండి. అది రోజూ వేధిస్తుంటే నమ్మకస్థుడైన ఒక విశ్వాసికి చెప్పండి. ఆ భారం ఒంటరిగా మోసేకొద్దీ పెరుగుతుంది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది యాకోబు 4:7 దగ్గర. "అపవాదిని ఎదిరించుడి" అన్నదానికి ముందు "దేవునికి లోబడియుండుడి" అని ఉంది. సాతానును గంటసేపు గద్దించి, తమ్ముడితో పొలం తగాదా అలాగే ఉంచుకుంటే ఫలితం ఉండదు. ఎఫెసీయులకు 4:26, 27 చూడండి: సూర్యుడు అస్తమించేదాకా కోపం నిలవకూడదు, అపవాదికి చోటియ్యకూడదు. చోటు ఇచ్చేది మనమే. రాజీ ఒక్క రోజులో కుదరకపోవచ్చు, పొద్దుగూకేలోపు కనీసం ఫోన్ చేసి మాట కలపండి.

ప్రార్థించిన నూనె సీసాకు, జేబురుమాలుకు వెల కట్టి విడుదల అమ్మేచోటికి వెళ్లకండి. అది తీరిన బాకీకి మళ్లీ వడ్డీ కట్టడమే. ఇంట్లో ఎవరికైనా నిద్ర పట్టక, లేని మాటలు వినబడుతుంటే ప్రార్థిస్తూనే మానసిక వైద్యుడికి చూపించండి, మందులు మాత్రం మాన్పించకండి. లూకాను "ప్రియమైన వైద్యుడు" అన్నది కూడా ఈ కొలస్సయుల పత్రికే. ఇంట్లో భార్యను కొట్టే మనిషి ఉంటే, సాతాను చేయిస్తున్నాడని సర్దిచెప్పి ఆమెను మళ్లీ ఆ ఇంటికే పంపడం పాపం. ముందు ఆమెకు భద్రత చూడాలి, అవసరమైతే పోలీసులకు ఫిర్యాదు చేయాలి.

చావు ఇంట్లో మాత్రం "సాతాను ఓడిపోయాడు, ఏడవకండి" అనొద్దు. మరణం కడపట నశించే శత్రువని 1 కొరింథీయులకు 15:26 అంటుంది, అంటే ఇంకా నశించలేదు. చనిపోయిన తన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఆ సమాధి దగ్గరికి వెళ్లేముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. వాళ్ల పక్కన కూర్చోండి, అన్నం తీసుకెళ్లండి. చదవమంటే 13వ కీర్తన చదవండి. ఆరే వచనాలు, "ఎంతవరకు" అని మళ్లీ మళ్లీ అడుగుతుంది. చివరి వచనం దాకా చదవండి, అక్కడ పాట ఉంది.